మూడో గుహలో చుట్టుదారి

పార్శిలు విప్పగానే ప్రూఫులమ్మకి నవ్వొచ్చింది. అట్ట మీద గుహల మామయ్య ఉన్నాడు. అవే గుబురు మీసాలు, అదే లాంతరు, అదే బొజ్జ. ఆ మొహం చూసి ఇరవై ఏళ్ళు దాటింది. మనిషికి ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. బొమ్మగా పుడితే ఎంత సుఖమో అనుకుంది ఆవిడ.

ప్రూఫులమ్మ అనేది అచ్చాఫీసుల వాళ్ళు పెట్టిన పేరు. యాభై ఆరేళ్ళ మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, చేతిలో ఎర్ర పెన్ను, ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల. పుస్తకాలు అచ్చుకి వెళ్ళే ముందు తప్పులు ఏరిపెట్టడం ఆవిడ పని. నిజానికి ఈ పుస్తకం ఆవిడ చేతికి రావలసింది కాదు. ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫులు చూసే అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది. అప్పటికే సగం పుస్తకం అచ్చయిపోయింది. మిగతా సగం చూసిపెట్టమనీ, అచ్చయిన కాయితాలు కూడా పంపుతున్నామనీ, పేర్లూ తేదీలూ రెండు సగాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడమనీ చీటీ పెట్టారు. అచ్చయిన భాగంలో తప్పులు దొరికితే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తారు. ఆ పట్టిక తయారుచేసేది ప్రూఫులు చూసినవాళ్ళే. అందులో ఇంకొకరు వేలు పెట్టరు. ఆ సంస్థలో మొదట్నుంచీ ఉన్న పద్ధతి అది.

పుస్తకం పేరు 'మూడు ప్రాణాలు: ఒక పత్రిక చరిత్ర'. వీడియో గేములు ఆడే పిల్లల కోసం ముప్ఫై ఏళ్ళ కిందట మొదలై, తొమ్మిదేళ్ళు నడిచి, ఆగిపోయిన మాసపత్రిక 'మూడు ప్రాణాలు'. గేములో పిల్లలకి మూడు ప్రాణాలిస్తారు కదా, అందుకని ఆ పేరు. ఆ తొమ్మిదేళ్ళూ ప్రూఫులమ్మ ఆ పత్రికలోనే పనిచేసింది. టైపిస్టుగా చేరింది, టైపిస్టుగానే బయటికొచ్చింది. మధ్యలో చేసిన పని మాత్రం వేరు. అదేమిటో ముందే చెప్పకపోతే తర్వాత ఆవిడకి వచ్చిన కోపం మీకు తలా తోకా తెలియదు.

పత్రిక పెట్టింది ఎడిటర్ గారు. గొప్ప మాటకారి. మైకు దొరికితే వదిలే రకం కాదు. పిల్లల మనసుల గురించి, రాబోయే కాలం గురించి, ఆట ద్వారా చదువు గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు. ఒకే ఒక్క ఇబ్బంది ఏమిటంటే ఆయనకి గేము ఆడటం రాదు. పత్రిక పెట్టిన కొత్తలో ఒక్కసారి కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నారు. తెర మీద బొమ్మ రెండడుగులు వేసి గోతిలో పడి చచ్చింది. "ఛీ, పిల్లకాయల గోల!" అని దాన్ని బల్ల మీద పడేశారు. మళ్ళీ ఏనాడూ ముట్టుకోలేదు.

మరి గేముల పత్రిక అన్నాక ఎవరో ఒకరు ఆడాలి కదా! ఏ గుహలో ఏ దారుందో, ఎక్కడ గొయ్యి ఉందో, తాళంచెవి ఎక్కడ దాచారో నెలనెలా మ్యాపు గీసి వెయ్యాలి. పిల్లలు రాసే ఉత్తరాలకి జవాబులివ్వాలి. ఈ శీర్షికకి గుహల మామయ్య అని పేరు పెట్టి, ఆర్టిస్టు చేత మీసాలు గీయించి, పని మొత్తం తెచ్చి టైపిస్టు నెత్తిన పెట్టారు ఎడిటర్ గారు. "నువ్వు చూసుకో అమ్మా, ఎలాగూ ఖాళీగానే ఉంటావు కదా" అన్నారు. ఆవిడ ఖాళీగా ఉండేది కాదు. పత్రికంతా టైపు చేసేది ఆవిడే. ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు.

ఆవిడ అప్పటిదాకా గేము మొహం ఎరగదు. సామాన్ల గదిలో పాత కుర్చీల మధ్య చిన్న టీవీ ఒకటి, దాని పక్కన గేము యంత్రం. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటన్నర సేపు తలుపు దగ్గరికి వేసుకుని కూర్చునేది. మొదటి నెలలో చచ్చిన చావులకి అంతులేదు. పక్కన గళ్ళకాయితం, పెన్సిలు. ఒక అడుగుకి ఒక గడి. గొయ్యి వస్తే గడి నల్లగా నింపాలి, మెట్లు వస్తే గీతలు పెట్టాలి. బొమ్మ చస్తే మళ్ళీ మొదట్నుంచి నడుచుకుంటూ రావాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడ బొటనవేళ్ళు కాయలు కాశాయి. ఆవిడకి దారి తెలియని గేము లేదు. గబ్బిలాల గది, దొంగమెట్లు, ఏడుపు వంతెన, ఈ పేర్లన్నీ ఆవిడ పెట్టినవే. ఎక్కడెక్కడి పిల్లలో బడి ఇంటర్వెల్లో ఆ పేర్లతోనే మాట్లాడుకునేవాళ్ళు.

ఉత్తరాలు సంచులతో వచ్చేవి. ప్రియమైన మామయ్యా, బంగారు మామయ్యా, మీసాల మామయ్యా. దారి తప్పిన వాళ్ళు, బొమ్మ చచ్చిపోయిందని ఏడ్చిన వాళ్ళు, అన్నయ్య కంట్రోలర్ ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసిన వాళ్ళు. పత్రికలో పట్టిన వాటికి పత్రికలో, పట్టని వాటికి కార్డు ముక్క మీద, ఒక్కదాన్నీ వదలకుండా ఆవిడే జవాబు రాసేది. కింద 'మీ మామయ్య' అని సంతకం. ఇంట్లో భర్త గడియారాలు బాగుచేస్తాడు. మాట పొదుపు, వెటకారం దుబారా. ఆవిడ కార్డులు ముందేసుకుని కూర్చుంటే, "మామయ్యగారూ, మీసాలు దువ్వుకున్నారా, భోజనానికి రండి" అని పిలిచేవాడు. అప్పట్నుంచీ ఆయనకి ఆవిడ మామయ్యే.

నాలుగో ఏడు రాగి కోట వచ్చింది. పిల్లల్ని పిచ్చెత్తించిన గేము అది. సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఉన్న ఒక్కగానొక్క కంట్రోలర్‌కి ఎర్ర బటన్ చెడింది. పూర్తిగా చెడినా బాగుండేది. ఠక్కున నొక్కి వదిలితే పనిచేసేది. నొక్కి పట్టుకుంటే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. భర్త చేత విప్పించి చూపించింది. "లోపల రబ్బరు అరిగిపోయింది మామయ్యా. నా దగ్గర ఉండే ముక్క కాదు, కొత్తది తెప్పించుకో" అన్నాడాయన. ఆవిడ చిన్న అట్టముక్క మీద రాసి ఎడిటర్ గారికి పంపింది: 'ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే పనిచేయడం లేదు. కొత్త కంట్రోలర్ ఇప్పించగలరు.' సాయంత్రానికి అట్టముక్క తిరిగొచ్చింది. కింద ఆయన చేతిరాత, సంతకం, తేదీ: 'దీనితోనే సర్దుకోండి.' మళ్ళీ అడగాల్సి వచ్చినప్పుడు వెతుక్కోకుండా ఉంటుందని ఆవిడ ఆ అట్టముక్కకి చిల్లి పెట్టి, దారంతో కంట్రోలర్ వైరుకి కట్టింది.

రాగి కోట మూడో గుహలో ఒక బావి ఉంది. దూకితే లోపల పడాల్సిందే. ఎన్నిసార్లు దూకినా అంతే. వారం రోజులు పోరాడి, ఆవిడ చుట్టుదారి ఒకటి కనిపెట్టింది. వెనక్కి తిరిగి, గబ్బిలాల గదిలోంచి, దొంగమెట్లు దిగి, నీళ్ళ కాలవ పక్కనుంచి పదిహేడు గదులు తిరిగితే బావి అవతల తేలవచ్చు. ఆ మ్యాపు నడిమి రెండు పేజీల్లో రంగుల్లో వేశారు. పిల్లలు దాన్ని చింపి గోడలకి అంటించుకున్నారు. అందరూ చుట్టూ తిరిగారు. మామయ్య చెప్పాక ఇంకో దారి ఎవరు వెతుకుతారు?

ఒకే ఒక్క పిల్ల వెతికింది. పచ్చ పెన్సిలుతో రాసిన ఉత్తరం వచ్చింది. తొమ్మిదేళ్ళ పాప.

'మామయ్యా, మా ఇంట్లో ఎర్ర బటన్ నొక్కి అలాగే పట్టుకుంటే వాడు బావి మీంచి దూకేస్తున్నాడు. చుట్టూ వెళ్ళక్కర్లేదు. బళ్ళో చెప్తే ఎవ్వరూ నమ్మలేదు. మామయ్య మ్యాపులో లేదు కాబట్టి నువ్వు అబద్ధాలకోరువి అన్నారు. ఇప్పుడు నా పేరే అది అయిపోయింది. మా ఇంటికి రండి చూపిస్తానంటే రారు. మా టీచరు కూడా గొప్పలు చెప్పుకోకూడదు అంది. మీరు ఆడి చూసి నిజమని పత్రికలో రాయండి. మీరు రాస్తే నమ్ముతారు.'

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికెళ్ళే దారిలో గేములు ఆడించే కొట్టు ఒకటి ఉంటే, పిల్లల వెనక వరసలో నిలబడింది. చీర కట్టుకున్న పెద్ద మనిషి కంట్రోలర్ కోసం నిలబడితే పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. వంతు వచ్చింది. మూడో గుహ దాకా నడిచి, ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంది. బొమ్మ గాల్లోకి లేచి, తీరిగ్గా బావి దాటి, అవతలి గట్టు మీద దిగింది. ఆవిడకి అక్కడే తల తీసేసినట్టయింది. పదిహేడు గదులు! ఎన్ని వేలమంది పిల్లల్ని తిప్పింది!

తిప్పితే తిప్పింది, తప్పు ఎవరైనా చేస్తారు. దిద్దుకుంటే సరిపోయేది. మర్నాడు నాలుగు వాక్యాల సవరణ టైపు చేసి ఎడిటర్ గారి ముందు పెట్టింది. ఆయన చదివి, నవ్వి, కాయితం వెనక్కి తోశారు.

"మామయ్య తప్పు చేశాడని రాస్తామా? మామయ్య తప్పు చెయ్యడమ్మా. ఒక్కటి తప్పని ఒప్పుకుంటే మిగతా మ్యాపులు ఎవడు నమ్ముతాడు?"

"ఆ పిల్లని బళ్ళో అబద్ధాలకోరు అంటున్నారండి."

"ఒక్క పిల్ల కోసం పత్రిక పరువు తీసుకుంటామా? నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది."

మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన, "నీకు ఈ పని బరువైతే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను" అన్నారు. ఆవిడ నోరు మూసుకుంది. ఆ మూసుకున్నందుకు తనని తాను ఏనాడూ క్షమించుకోలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. పిల్లకి కార్డు రాసింది, నువ్వు చెప్పిందే నిజమని. కార్డు తిరిగొచ్చింది. ఇల్లు మారారట. ఆ కార్డూ, పచ్చ పెన్సిలు ఉత్తరమూ కలిపి ఒక పాత గడియారం పెట్టెలో పెట్టి, ఇంట్లో అలమారలో ఉంచింది.

ఇదీ వెనకటి కథ. ఇప్పుడు మళ్ళీ కిటికీ పక్క బల్ల దగ్గరికి వద్దాం.

ఆవిడ అచ్చయిన కాయితాలు తిరగేస్తోంది. అరవై ఒకటో పేజీలో ఒక ఏడాది తప్పు పడింది, గుర్తు పెట్టుకుంది. డెబ్భై నాలుగో పేజీలో ఒక ఫొటో. ఆఫీసు సిబ్బంది అంతా. ముందు వరసలో అందరికీ పేర్లున్నాయి. 'వెనక వరసలో ఎడమ చివర, టైపిస్టు' అని ఉంది. పోనీలే అనుకుంది, నిజమే కదా, టైపిస్టే కదా. ఎనభై మూడో పేజీలో అధ్యాయం పేరు 'మామయ్య ఎవరు?'

ఎడిటర్ గారి మాటలు. 'ఆ మామయ్య ఎవరండీ అని ఇన్నేళ్ళూ అందరూ అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు చెప్పేస్తున్నాను. నేనే. పగలు ఎడిటర్ని, తీరిక దొరికితే మామయ్యని. ఆ మ్యాపులన్నీ ఈ చేతులతో గీసినవే.'

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. మారలేదు. ఈ చేతులతోనట! గోతిలో పడ్డ బొమ్మని చూసి బెదిరిపోయిన చేతులు! అయినా పేజీ తిప్పింది. పేరు పోతే పోయింది, పేరు కోసం ఆవిడ ఆ పని చెయ్యలేదు. అసలు మంట ఎనభై ఆరో పేజీలో ఉంది.

'రాగి కోట మూడో గుహలో బావి మీంచి దూకవచ్చని నాకు తెలియక కాదు. కావాలనే దాచాను. సులువైన దారికి అలవాటు పడకుండా పిల్లలకి ఓర్పు నేర్పాలని చుట్టూ తిప్పాను. ఒకరిద్దరు గడుగ్గాయిలు ఏదో అడ్డదారి కనిపెట్టామని గొప్పలు పోతూ ఉత్తరాలు రాశారు. నవ్వుకుని పక్కన పడేశాను.'

ఆవిడ చేతిలో పెన్నుని బల్లకేసి ఎంత గట్టిగా కొట్టిందంటే, ముందు గదిలో భూతద్దం కంటికి తగిలించుకుని పనిచేసుకుంటున్న భర్త లేచి వచ్చాడు.

"ఏమైంది మామయ్యా?"

"మామయ్య నేను కాదటండీ. చదవండి."

ఆయన నిలబడే చదివాడు. ఆయనకి కోపం రావడం అరుదు. భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని, "బటన్ నేను విప్పాను. రబ్బరు నేను చూశాను. ఓర్పు నేర్పిన రబ్బరా అది?" అన్నాడు.

"నా పేరు తీసేశాడు, సరే. నా పని తనదన్నాడు, అదీ సరే, ఆ మనిషి సంగతి తెలిసిందేగా. ఆ పిల్లని మళ్ళీ గొప్పలు పోయిందంటాడా? అచ్చులో? నేను చేసిన తప్పుకి ఆ పిల్ల మాట పడింది. ఆ తప్పుని ఇప్పుడీయన గొప్పతనం చేసుకుని ఊరేగుతాడా?" ఆవిడ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఏమండీ, ఆ గడియారం పెట్టె తీయండి."

మర్నాడు పొద్దున్నే, పెట్టె సంచిలో వేసుకుని ఆవిడ ప్రచురణ సంస్థకి వెళ్ళింది. రెండో అంతస్తు. మెట్ల పక్కన కట్టలు కట్టిన పుస్తకాలు, జిగురు వాసన. చరిత్ర రాసిన అమ్మాయి ఎదురొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ లోపు ఉంటుంది. చిన్నప్పుడు ఆ పత్రిక చదివి పెరిగిందే, అందుకే ఇష్టపడి ఈ పని నెత్తిన వేసుకుంది. ప్రూఫులమ్మని సెలవు మీద వెళ్ళిన మనిషికి బదులు వచ్చిన పెద్దావిడగానే ఎరుగును తప్ప, ఫొటోలో ఎడమ చివర ఉన్న మనిషి ఈవిడేనని ఆ అమ్మాయికి తెలియదు.

"మంచి రోజే వచ్చారండీ! ఎడిటర్ గారు లోపల ఉన్నారు. వెనక అట్టకి ఫొటో తీస్తున్నాం. పాత గేము యంత్రం కూడా పత్రిక గోదాములోంచి తీయించాను, చూద్దురుగాని రండి."

లోపల ఎడిటర్ గారు ఇస్త్రీ చొక్కాలో వెలిగిపోతున్నారు. డెబ్భై దాటినా గొంతు తగ్గలేదు. ముందు బల్ల మీద ఆ పాత యంత్రం, ఒళ్ళో ఆ కంట్రోలర్. దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరుకి తెలియదు, చరిత్ర అమ్మాయికి మర్యాద అడ్డొచ్చింది.

"అరె, మన టైపిస్టమ్మ కదూ! ఎన్నాళ్ళైందమ్మా చూసి! రా రా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదండి. మామయ్యని చూసిపోదామని వచ్చాను."

ఆయన నవ్వు కాస్త సన్నబడింది. మాటకారి కాబట్టి వెంటనే అందుకున్నారు. "చదివావన్నమాట. చూడమ్మా, మామయ్య అంటే ఒక మనిషి కాదు. అదొక భావన. మనందరి భావన."

"భావనకి బొటనవేళ్ళు కాయలు కాయవండి. నాకు కాశాయి."

చరిత్ర అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ప్రూఫులమ్మ సంచిలోంచి పెట్టె తీసి, పెట్టెలోంచి ఉత్తరం తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. పచ్చ పెన్సిలు రాత వెలిసిపోయింది కాని, చదవడానికి వస్తుంది. అమ్మాయి నిలబడి చివరిదాకా చదివింది.

"నేను కూడా చుట్టూనే వెళ్ళేదాన్నండి" అంది. "పదిహేడు గదులూ. మా క్లాసులో ఒకబ్బాయి దూకొచ్చని అంటే నేను కూడా నవ్వాను." ఎడిటర్ గారి వైపు తిరిగింది. "సార్, అది మీరు కావాలనే చేశారు కదా? నాకు అలాగే చెప్పారు."

"కావాలనే. ఓర్పు కోసం."

"అయితే ఆ ఎర్ర బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి" అంది ప్రూఫులమ్మ.

ఆయన వెతుక్కున్నారు. ముందు నీలం బటన్ నొక్కారు. చరిత్ర అమ్మాయి వంగి, ఆయన చేతిలో కంట్రోలర్‌ని తిన్నగా తిప్పి పెట్టింది. తిప్పేటప్పుడు వైరు కింద ఏదో వేలాడింది. గోధుమరంగుకి తిరిగిన అట్టముక్క, దారం. గోదాములో ఇన్నేళ్ళు పడి ఉన్నా ఆవిడ వేసిన ముడి వీడలేదు. అమ్మాయి దాన్ని వెలుతురుకి పెట్టి పైకి చదివింది. 'ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే పనిచేయడం లేదు. కొత్త కంట్రోలర్ ఇప్పించగలరు.' కింద: 'దీనితోనే సర్దుకోండి.' ఆ తర్వాత సంతకం. తేదీ రాగి కోట మ్యాపు అచ్చవడానికి నెల ముందుది. ఆ సంతకం ఆ అమ్మాయికి కొత్త కాదు, పుస్తకం ముందుమాట కింద అదే ఉంది.

గదిలో ఫొటోగ్రాఫరు కూడా కెమెరా దించేశాడు.

ఎడిటర్ గారు ఆ కంట్రోలర్ని పక్కకి నెట్టారు. "అబ్బా, రోజుకి ఇలాంటి చీటీలు యాభై వచ్చేవి. అన్నీ గుర్తుంటాయా? సరే, పోనీ. పెద్దదానివి అయ్యావు, ఇన్నాళ్ళకి వచ్చావు. కృతజ్ఞతల పేజీలో నీ పేరు వేయిస్తాను. సరేనా?"

"నా పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్ల సంగతి చూడండి. గొప్పలు పోయిందని రాశారు. ఆ పిల్ల నిజం చెప్పిందని మీకు అప్పుడే తెలుసు. మీ బల్ల మీద మూడుసార్లు పెట్టాను."

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా? అచ్చయిపోయింది కదా!" ఆయన చేతులు దులుపుకున్నారు.

"తప్పొప్పుల పట్టిక ఉందిగా" అంది ఆవిడ.

ఎడిటర్ గారికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. హాయిగా నవ్వారు. "వేసుకో తల్లీ! నీ ఇష్టం వచ్చింది వేసుకో. ఆ పేజీ లోకంలో ఎవడైనా చదువుతాడా?" అని లేచి, చొక్కా సర్దుకుని, ఫొటో ఇంకోరోజు చూద్దామని వెళ్ళిపోయారు.

చరిత్ర అమ్మాయి తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంది, పైన అడిగేవాళ్ళున్నారు. ప్రూఫులమ్మకి ఆ భయం కొత్త కాదు, ఇరవై ఆరేళ్ళ కిందట తను మింగిన భయమే అది. అందుకని ఏమీ అడగలేదు. కాసేపటికి ఆ అమ్మాయే కుర్చీ లాగి, తెల్లకాయితం ముందు పెట్టింది.

"పట్టిక మీదండి. మా పద్ధతి అది. మీరు రాసింది రాసినట్టు వెళ్తుంది. సార్ కూడా సరే అన్నారు, నేను విన్నాను, ఇతనూ విన్నాడు" అంది, ఫొటోగ్రాఫర్ని చూపిస్తూ. తర్వాత చిన్నగా అంది, "ఆ అధ్యాయం నేను రాశాను కదా, ఒక్కసారి మిమ్మల్ని వెతకాల్సింది. ఫొటోలో ఉన్నారు. పేరైనా అడగలేదు నేను."

"ఇప్పుడు అడుగు" అంది ప్రూఫులమ్మ.

అడిగింది. ఆవిడ చెప్పింది, ఇంటిపేరుతో సహా.

పట్టికలో మొదటి తప్పు మామూలుదే. అరవై ఒకటో పేజీ, ఏడాది. రెండోది ఎనభై మూడో పేజీ. 'నేనే అన్నది తప్పు. మామయ్య పేరుతో తొమ్మిదేళ్ళూ మ్యాపులు గీసి, ఉత్తరాలకి జవాబులు రాసింది ఆ పత్రిక టైపిస్టు', ఆ పక్కన ఆవిడ పేరు. మూడోదానికి ఆవిడ ఆలోచించుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ నాలుగు వాక్యాలూ కంఠతా ఉన్నాయి. చివర రెండు మాత్రం కొత్తగా చేర్చింది.

'రాగి కోట మూడో గుహలో బావి దాటడానికి చుట్టూ తిరగక్కర్లేదు. ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే దూకవచ్చు. మ్యాపు గీసినప్పుడు మా ఆఫీసు బటన్ చెడిపోయి ఉంది, అందువల్ల నాకు తెలియలేదు. ఈ దారి కనిపెట్టి రాసిన తొమ్మిదేళ్ళ పాప నిజం చెప్పింది. ఆ పాపని అబద్ధాలకోరు అన్నవాళ్ళు ఎక్కడున్నా ఆ మాట వెనక్కి తీసుకోండి. పాపా, ఆలస్యం చేశాను, మీ మామయ్య.'

పుస్తకం నెలరోజులకి వచ్చింది. ఆ పేజీని ఎవడూ చదవడన్నారు కదా ఎడిటర్ గారు. ఆయన మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆ పుస్తకం కొన్నవాళ్ళు ఒకప్పుడు ఆ పత్రిక చదివిన పిల్లలు. గేము పూర్తయ్యాక కూడా చివరి తెర దాకా చూసి, దాచిపెట్టింది ఏదైనా ఉందేమోనని వెతికే రకం. వాళ్ళు మొదట తెరిచింది ఆఖరి పేజీనే. వారం తిరక్కుండా ఆ పేజీ ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. చదివినవాళ్ళు అటకల మీంచి పాత యంత్రాలు దించి, మూడో గుహ దాకా నడిచి, బటన్ నొక్కి పట్టుకుని చూశారు. చూసి చరిత్ర అమ్మాయికి ఉత్తరాలు రాశారు. మా బళ్ళో కూడా ఒకమ్మాయి చెప్పింది, మేం నమ్మలేదు అని ముగ్గురు రాశారు. ముగ్గురివీ మూడు వేర్వేరు బళ్ళు. అందులో ఆ పచ్చ పెన్సిలు పాప ఎవరో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఒక పొద్దున ప్రూఫులమ్మ కొత్త ప్రూఫులు ముందేసుకుని కూర్చుంటే ఫోను మోగింది. భర్త తీసి, విని, మొహం ఒకలా పెట్టి, "మామయ్యా, నీకే. రెండో మామయ్య" అని అందించాడు.

ఎడిటర్ గారి గొంతులో ఆ పాత గంభీరం లేదు. ఆయన మైకు పట్టుకున్న ప్రతిచోటా జనం ఈ బటన్ సంగతే అడుగుతున్నారట. నిన్న ఒక సభలో అయితే మనవడి వయసు కుర్రవాడు లేచి, కంట్రోలర్ చేతికిచ్చి, ఎర్ర బటన్ ఎక్కడుందో చూపించండి అన్నాడట.

"ఇంత పని చేస్తావనుకోలేదమ్మా. నేనేమన్నా ఎవరూ నమ్మడం లేదు. నన్ను అబద్ధాలకోరు అంటున్నారు, తెలుసా? ఈ వయసులో ఆ పేరు మొయ్యడం ఎంత కష్టమో నీకేం తెలుసు!"

"నాకు తెలీదండి" అంది ప్రూఫులమ్మ. "ఆ పిల్లకి తెలుసు. తొమ్మిదేళ్ళ వయసులో మోసింది."

ఆవిడ ఫోను పెట్టేసి, ఎర్ర పెన్ను తీసుకుని, ఆగిన లైను దగ్గర్నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.